రెండు పోగులు

నా చీరల్లో సగం మా పెండలం చేను చుట్టూ ఉన్నాయి. అడవిపందికి రంగుబట్ట కనబడితే మనిషనుకుని వెనక్కి పోతుందని మా ఆయన అచ్చిబాబుకి ఎవరో చెప్పారట. ఆయనకి ఊళ్ళో ఎవరు ఏం చెప్పినా వేదమే, నేను చెప్పింది తప్ప. వాయిలు చీరలు, నేత చీరలు, మా ఆడపడుచు పెట్టిన గులాబీరంగు సిల్కు చీర, అన్నీ వరసగా కర్రలకి కట్టేశాడు. రెండు రోజులు పందులు నిజంగానే రాలేదు. మూడో రోజు ఆ గులాబీరంగు చీర కిందనుంచే దూరి వచ్చి పది సెంట్ల పెండలం తవ్విపోశాయి.

మాది కోరుకొండ దగ్గర మెట్ట ఊరు. గోదావరి జిల్లా అనగానే అందరూ కాలవలూ వరిచేలూ అనుకుంటారు. మాకు కాలవ లేదు. ఎర్రనేల, బోరు నీళ్ళు, కర్రపెండలం, చెరుకు, జీడిమామిడి, ఈమధ్య పామాయిల్ తోటలు. పందులు పగలంతా చెరుకులో పడుకుని, పొద్దుగూకాక మా చేలమీద పడతాయి. మంగలి షాపు నుంచి జుట్టు తెచ్చి గట్లమీద చల్లాం. కుళ్ళిన గుడ్లు నీళ్ళలో కలిపి కొట్టాం. ఆ వాసనకి పందుల సంగతేమోగాని నేను రెండు రోజులు అన్నం ముట్టలేకపోయాను. మైకులో కుక్కల అరుపులు పెట్టాం. దానికి ఊరికుక్కలన్నీ మా చేనుకి వచ్చి కూర్చున్నాయి. మార్గశిరం వచ్చేసరికి ఎకరన్నర చేనులో ముప్పావు ఎకరం పోయింది. మిగిలింది కూడా పోతే వచ్చే ఏడు ఇంక పెండలం వెయ్యనని మా ఆయన తేల్చేశాడు.

పందుల్ని చంపించడానికి ఇప్పుడు ఒక పద్ధతి వచ్చింది. అర్జీ పెడితే అటవీశాఖవాళ్ళు వచ్చి చేను చూసి, అనుమతి రాసి, లైసెన్సు తుపాకీ ఉన్న మనిషిని పంపుతారు. పడ్డ పందిని వాళ్ళ కళ్ళముందే గొయ్యి తీసి, కిరసనాయిలు పోసి పూడ్చాలి. ఒక్క ముక్క కూడా ఎవరూ తీసుకోకూడదు. మా చేను చూడ్డానికి వచ్చిన ఆఫీసరు మెర్సీ అనే అమ్మాయి. వయసు చిన్నదైనా మాట గట్టిది. చేనంతా తిరిగి చూసి, పక్కనున్న చెరుకు వైపు వేలు చూపించింది.

"పందులు ఉంటున్నది అందులోనండి. తోలాల్సింది అక్కణ్ణించే. ఆ చెరుకు ఎవరిదో వాళ్ళ సంతకం కావాలి."

మా ఆయన నావైపు చూశాడు. నేను చెరుకువైపు చూశాను. ఆ చెరుకు సూర్యకళది.

"ఆడవాళ్ళూ ఆడవాళ్ళూ మాట్లాడుకుంటే బాగుంటుంది" అన్నాడు మా ఆయన, తప్పించుకోవడంలో ఆయనకి ఆయనే సాటి.

సూర్యకళ ఇంటికీ మా ఇంటికీ మధ్య నాలుగిళ్ళు. ఆ గుమ్మం ఎక్కి తొమ్మిదేళ్ళయింది. ముప్పావు ఎకరం పెండలం కోసం ఎక్కాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించాను. నిజం చెప్పాలంటే నా భయం పెండలం గురించి కాదు.

అప్పట్లో వేట వేరు. నేరమని తెలుసుగాని అడిగేవాళ్ళు లేరు. ఏడాదికి మూడు నాలుగు సార్లు పొద్దున్నే మగవాళ్ళు వలలూ బల్లేలూ తీసుకుని వెళ్ళేవారు. డబ్బాలు మోగిస్తూ వెనకనుంచి తోలేవాళ్ళు కొందరు, వల దగ్గర కాసేవాళ్ళు కొందరు. పడ్డ పందిని పోగులు వేసి పంచే పని మా బావగారిది. అంటే మా ఆయన అన్నగారు, వీరబ్రహ్మంగారు. తక్కెడ లేకుండా ఆయన వేసిన పోగుకీ పోగుకీ వేలెడు తేడా ఉండేది కాదు. టేకాకులు పరిచి, కండ, కొవ్వు, ఎముక అన్నీ సమానంగా పడేలా వేసేవారు. వేటకి వచ్చిన ప్రతి మనిషికీ ఒక పోగు. కుక్కలకి ఒక పోగు. పంట పోగొట్టుకున్న ఇంటికి, ఆ ఇంటినుంచి ఎవరూ రాకపోయినా, ఒక పోగు. వేటలో దెబ్బ తగిలినవాడికి రెండు పోగులు.

అన్నీ వేశాక ఒక మనిషి అటు తిరిగి నిలబడతాడు. బావగారు ఒక పోగుమీద చెయ్యి పెట్టి "ఇదెవరిది?" అంటారు. చూడకుండానే అతను ఒక పేరు చెబుతాడు. ఆ పోగు ఆ పేరుగల మనిషిది. అందరివీ అయిపోగా ఆఖర్న మిగిలింది పోగులు వేసినాయనది. అందుకే మా ఊళ్ళో వేటమాంసం దగ్గర ఒక్కసారి కూడా తగాదా రాలేదు. ఆస్తులు కూడా ఇలా పంచుకుంటే కోర్టులు మూసేసుకోవచ్చని నేను అంటూ ఉండేదాన్ని.

ఆ మాంసం వండటం మాటలు కాదు. కట్టెలపొయ్యిమీద రెండు గంటలు మెల్లగా ఉడకాలి. ఉల్లిపాయ తక్కువ, వెల్లుల్లి ఎక్కువ, దించేముందు ధనియాలపొడి. ఆ రోజు ఏ సందులో నడిచినా అదే వాసన. మా పంట తిన్నదాన్ని మేం తింటున్నాం అనుకుంటే ఏదో న్యాయం జరిగినట్టే ఉండేది. పందిమీద కోపం కూడా ఆ కూరతో పోయేది.

తొమ్మిదేళ్ళ కిందట, ఇలాగే మార్గశిరంలో, వల దగ్గర కాసింది సూర్యకళ మొగుడు చంద్రరావు. పెద్ద మగపంది వల తెంపుకుని వచ్చి అతని తొడ చీల్చేసి, ఆ వెంటనే మావాళ్ళ బల్లేలకి పడిపోయింది. తువ్వాలు బిగించి కట్టి, బైకుమీద ఇద్దరి మధ్యన కూర్చోబెట్టుకుని రాజమండ్రి బయల్దేరారు. తొడకే కదా, కుట్లు వేసి పంపిస్తారు అనుకున్నారు అందరూ. అతనూ అలాగే అనుకున్నాడు. బైకు కదులుతుంటే వెనక్కి తిరిగి, "నా రెండు పోగులూ ఇంటికి పంపించండి బాబూ, మర్చిపోతారేమో" అని నవ్వాడు.

నేను ఆ రోజు మజ్జిగ పట్టుకుని వేటగాళ్ళ దగ్గరికి వెళ్ళాను. పోగులు వేయడం అయిపోయింది. బావగారి ఫోను మోగింది. విని, ఫోను జేబులో పెట్టుకుని, అక్కడే చతికిలబడ్డారు. "దారిలోనే పోయాడంట" అన్నారు. కాసేపటికి ఆయన లేచి, నా చేతిలో ఖాళీ అయిన స్టీలుగిన్నె తీసుకుని, రెండు పోగులు అందులో వేసి మూత పెట్టారు.

"వాడు పంపమన్నాడు. ఇచ్చిరా చిన్నమ్మాయ్. ఇప్పుడే ఏం చెప్పకు. ఆవిడ అన్నదమ్ములు వచ్చాక వాళ్ళు చెబుతారు."

నా పేరు చిన్నమ్మాయి. యాభై దాటినా అదే పేరు, అందరికీ నవ్వులాటే. నా నోటికి తలుపూ గడియా లేవని కూడా ఊళ్ళో నవ్వులాటే. అలాంటిదాన్ని ఆ రోజు ఆ గిన్నె పట్టుకుని నోరు మెదపకుండా వెళ్ళాను. సూర్యకళ వసారాలో బియ్యం కడుగుతోంది. ఎప్పుడు వెళ్ళినా మంచినీళ్ళు అడిగి తాగి, గంటసేపు కబుర్లు చెప్పందే వచ్చేదాన్ని కాదు. ఆ రోజు గిన్నె చేతిలో పెట్టాను. ఆమె మూత తీసి చూసింది. తర్వాత నా మొహం చూసింది. నేను నేల చూశాను. ఇంటి దగ్గర పని ఉందని చెప్పి వచ్చేశాను.

అరగంటకి వాళ్ళింట్లో ఏడుపులు వినబడ్డాయి. అందరితో పాటు నేనూ పరిగెత్తాను. వంటింట్లో పొయ్యిమీద ఆ కూర ఉడుకుతోంది. ఎవరో పొయ్యిలో కట్టెలు బయటికి లాగేశారు. తన మొగుణ్ణి చంపిన పందిని ఆమె తన చేత్తో కడిగి, ఉప్పూకారం పట్టించి, పొయ్యిమీద పెట్టింది. పెట్టేలా చేసింది నేను. ఈ తొమ్మిదేళ్ళలో నాకు నిద్రపట్టని రోజులు చాలా ఉన్నాయి, ప్రతిసారీ ఆ కూర ఉడుకుతున్న చప్పుడే వినిపించేది.

పెద్దకార్యం రోజున పదిమందిలో ఒకదాన్నై వెళ్ళి వచ్చాను. తర్వాత ఆ గుమ్మం తొక్కలేదు. మొహం చెల్లలేదు. రేషన్ దగ్గర ఎదురుపడితే ఆమె ఒకవైపు చూసేది, నేను ఒకవైపు చూసేదాన్ని. ఊళ్ళో వేట ఆగిపోయింది. బావగారు వలలు అటకెక్కించేశారు. ఆ తర్వాత ఎవరు పిలిచినా, పండక్కి కోసే ఏటపోతుకైనా సరే, ఆయన పోగులు వేయలేదు. పందులు మాత్రం పిల్లల్ని పెట్టి, ఆ పిల్లలు పిల్లల్ని పెట్టి, మా చేలమీద పడ్డాయి.

మొత్తానికి వెళ్ళాను. గుమ్మం ఎక్కలేదు, మెట్ల కిందే నిలబడి పిలిచాను. సూర్యకళ బయటికొచ్చి, కళ్ళజోడు సర్దుకుని చూసింది.

"చెప్పండి" అంది.

ఒకప్పుడు నన్ను వదినా అనీ నువ్వు అనీ పిలిచిన మనిషి. మా గోదావరివాళ్ళకి అండి అనేది ఊపిరంత మామూలు మాటే. ఆ పూట మాత్రం చెంపమీద కొట్టినట్టు తగిలింది.

"నీ చెరుకులో పందులు ఉంటున్నాయి సూర్యకళా. తోలించాలంటే నీ సంతకం కావాలంట."

"తెలుసండి. ఆ మేడం ఫోన్ చేసింది."

"నీకు ఇష్టం లేకపోతే..."

"నా చెరుకూ తింటున్నాయండి, మీ పెండలం ఒక్కటే కాదు. సంతకం పెడతాను. ఒక్క మాట. పడ్డదాన్ని నా పొలంలోనే పూడ్చాలి. ముక్క కూడా ఏ గుమ్మానికీ వెళ్ళకూడదు. మీ బావగారికి గట్టిగా చెప్పండి."

"రూలు కూడా అదేలే."

"రూలు సంగతి నాకు తెలీదండి. నా మాట నేను చెబుతున్నాను."

కాగితం గోడకి ఆనించి సంతకం పెట్టి ఇచ్చింది. చెప్పాల్సిన మాట నా గొంతులోనే ఉంది. ఎదురుగా మనిషి ఉంది, చుట్టుపక్కల ఎవరూ లేరు, అంతకన్నా మంచి సమయం ఉండదు. "వస్తానండి" అని నేను కూడా అండి తగిలించి వచ్చేశాను. దారంతా నన్ను నేనే తిట్టుకున్నాను.

వేట రోజు పొద్దున ఏడింటికల్లా తుపాకీ ఆయన వచ్చాడు. పేరు హరిబాబు, తుని నుంచి వచ్చాడు. పెళ్ళికి వచ్చినట్టు ఇస్త్రీ చొక్కా. అందరికీ పేరుపేరునా నమస్కారం పెట్టాడు. చెరుకు మూడువైపులా మావాళ్ళు డబ్బాలు మోగిస్తూ కేకలు వేస్తూ నడిచారు. నాలుగోవైపు ఆయన నిలబడ్డాడు. గంటసేపు ఏమీ కనబడలేదు. తర్వాత ఒక్కసారిగా చెరుకు ఊగి రెండు పందులు బయటికి దూకాయి. తుపాకీ రెండుసార్లు పేలింది. గట్టుమీద పెద్ద మగపంది పడి కాళ్ళు కొట్టుకుంది, మరోసారి కాల్చాక కదలలేదు. రెండోది తప్పించుకుందని హరిబాబు అన్నాడు.

దగ్గరికి వెళ్ళి చూశాను. బతికుండగా దాన్ని ఎన్ని తిట్లు తిట్టానో! మూతికి ఇంకా మా ఎర్రమట్టి అంటుకుని ఉంది. నా పెండలం దాని కడుపులోనే ఉండి ఉంటుంది. కోపం వస్తుందనుకున్నాను, రాలేదు. మెర్సీ నాలుగువైపులా తిరిగి ఫోనులో ఫొటోలు తీసింది. నలుగురు గొయ్యి తవ్వుతున్నారు. ఒకాయన కిరసనాయిలు డబ్బా పట్టుకుని నిలబడ్డాడు. ఇదివరకు ఇలాంటి పంది పడితే ఊరు ఊరంతా నవ్వుతూ తిరిగేది. ఆ రోజు అందరూ ఆఫీసులో పనికి వచ్చినట్టు ఉన్నారు. సూర్యకళ కొంగు కప్పుకుని దూరంగా గట్టుమీద కూర్చుంది.

నేను తోలినవాళ్ళకి పులిహోర తెచ్చాను. వడ్డించడం అయ్యేసరికి మా ఆయన పక్కకి వచ్చి మెల్లగా అన్నాడు.

"అన్నయ్య పిలుస్తున్నాడు. పామాయిల్ తోటలోకి. ఆ ఖాళీ గిన్నె తీసుకురా."

వెళ్ళి చూశాను. తప్పించుకుందనుకున్న రెండో పంది గుండు దెబ్బకి అక్కడిదాకా వచ్చి పడింది. అప్పటికే కోసేశారు. టేకాకులు పరిచి పద్నాలుగు పోగులు. బావగారు మోకాళ్ళమీద కూర్చుని ఒక పోగులోంచి చిన్న ముక్క తీసి పక్క పోగులో వేస్తున్నారు. డెబ్బై ఏళ్ళ మనిషి, కళ్ళు మెరుస్తున్నాయి.

"తొమ్మిదేళ్ళయింది చిన్నమ్మాయ్. చెయ్యి మర్చిపోలేదు చూడు."

"బావగారూ, పూడ్చాలి కదండీ. మాటిచ్చాం కదండీ."

"పూడుస్తున్నారుగా ఒకదాన్ని. చాలదా?" అన్నారు. "చంపి పాతెయ్యడమేంటి? చీడపురుగా అది? ఇది జంతువు. ఆకలేసి వచ్చింది, మనం చంపాం. చంపినప్పుడు తినాలి. నలుగురూ పంచుకుని తింటే అది వేట. కిరసనాయిలు పోసి పాతేస్తే ఉత్తినే చంపినట్టే."

ఆ గోతి దగ్గర నాకూ అలాగే అనిపించింది. ఆయన నా చేతిలో గిన్నె తీసుకుని ఒక పోగు వేశారు. ఆగి, ఇంకో పోగు వేశారు.

"ఇవి సూర్యకళకి. పొలం ఆవిడది కాబట్టి ఒకటి. ఇంకోటి చంద్రరావుది." ఆయన గిన్నె అంచు తుడిచారు. "వాడి పేరున పోగు తియ్యకుండా నేను ఎలా తినను? ఇచ్చిరా. అడిగితే మేకమాంసం అని చెప్పు. ఇంకేం చెప్పకు."

మూత పెట్టి నా చేతిలో పెట్టారు. అదే బరువు. చేతులు గుర్తుపట్టాయి.

తోటనుంచి గొయ్యి దగ్గరికి రెండొందల అడుగులు ఉంటుందేమో. ఆ కాస్త దూరంలో ఎన్ని ఆలోచనలో! నోరు తెరిస్తే బావగారిమీద కేసు. తండ్రిలాంటి మనిషి, పెళ్ళయి వచ్చిన దగ్గర్నుంచీ నన్ను ఒక్కమాట అనలేదు. మా ఆయన నా మొహం చూడడు. ఊళ్ళో నాకు నిప్పు పుట్టదు. నోరు మూసుకుంటే ఏమవుతుంది? ఏమీ కాదు. సూర్యకళ మేకమాంసం అనుకుని వండుకుంటుంది. ఆమెకి ఎప్పటికీ తెలీదు. నాకు ఒక్కదానికే తెలుస్తుంది, ఇదివరకు తెలిసినట్టే.

నేను వస్తుంటే సూర్యకళ చూసింది. నా మొహం చూడలేదు, చేతిలో గిన్నె చూసింది. చూసి తల తిప్పేసుకుంది.

"సూర్యకళా" అన్నాను. గొంతు చిన్నది చేసి మాట్లాడటం నాకు పుట్టుకతోనే రాదు. గొయ్యి దగ్గరున్న అందరికీ వినబడింది. "ఇందులో ఉన్నది అడవిపంది మాంసం. రెండో పంది కూడా పడింది. ఇవి రెండు పోగులు, ఒకటి నీది, ఒకటి చంద్రరావుది అన్నారు. ఏం చెప్పకుండా ఇచ్చిరమ్మన్నారు. ఆ రోజు కూడా ఏం చెప్పకుండానే ఇచ్చిరమ్మన్నారు. చంద్రరావు పోయాడని నాకు అప్పటికే తెలుసు. తెలిసే నీ చేతిలో గిన్నె పెట్టి వచ్చాను. దానికోసం నీచేత పొయ్యి వెలిగించింది నేనే."

గొయ్యి తవ్వేవాళ్ళు పలుగులు ఆపేశారు. మెర్సీ ముందుకొచ్చింది.

"రెండోది ఎక్కడండీ?"

చెయ్యి చాచి తోట చూపించాను.

మెర్సీ వెళ్ళింది. కాసేపటికి మావాళ్ళు టేకాకులు రెండు చేతులమీదా పట్టుకుని వరసగా వచ్చారు, వెనకాల బావగారు. "రెండు పడ్డాయని రాసుకుంటున్నానండి" అంది మెర్సీ. "పెద్దాయన తెలీక చేశారని ఈసారికి అనుకుంటాను. ముక్క తగ్గిందంటే మాత్రం కేసు రాస్తాను." బావగారు గొయ్యి అంచున కూర్చుని ఒక్కొక్క ఆకూ అందుకుని లోపలికి దింపారు. విసరలేదు, మెల్లగా దింపారు. ఆఖరి పోగు చేతిలోకి వచ్చాక ఆగిపోయారు.

"ఇదెవరిది?" అన్నారు, అలవాటుకొద్దీ.

అటు తిరిగి నిలబడి పేరు చెప్పేవాళ్ళు అక్కడ ఎవరూ లేరు. "నాదేలే" అని ఆయనే అనుకుని, దింపేశారు. నా గిన్నెలోవి నేనే వంచాను. ఆయన లేచి నా పక్కనుంచే వెళ్ళారు, నావైపు చూడలేదు. నాకు ఏడుపు ముంచుకొచ్చింది.

మట్టి కప్పడం అయ్యేసరికి సూర్యకళ గట్టుమీద లేదు. "ఇంటికి పద" అన్నాడు మా ఆయన, మొహం గంటుపెట్టుకుని. నేను ఇంటికి వెళ్ళలేదు. నాలుగిళ్ళు దాటి సూర్యకళ వాకిట్లోకి వెళ్ళాను. ఆమె కుళాయి దగ్గర కాళ్ళు కడుక్కుంటోంది. మెట్ల కింద నిలబడ్డాను. తిడుతుందనే వెళ్ళాను. తిట్టించుకోవాలనే వెళ్ళాను.

"పైకి రా వదినా" అంది.

ఎక్కాను. వసారాలో గోడకి చేరగిలబడి కూర్చున్నాను. ఆమె కొంగుతో కాళ్ళు తుడుచుకుని ఎదురుగా కూర్చుంది.

"నాకు తెలుసు" అంది.

"ఏం తెలుసు?"

"ఆ రోజే తెలుసు. మూత తియ్యగానే రెండు పోగులు కనబడ్డాయి. దెబ్బ తగిలిందని అప్పుడే తెలిసింది. ఉత్త దెబ్బే అయితే నువ్వు ఊరుకునే మనిషివా? ఎంత లోతు తెగింది, ఎవరు తీసుకెళ్ళారు, ఏ ఆసుపత్రి, అన్నీ వీధి చివరనుంచే అరుచుకుంటూ వచ్చేదానివి. మంచినీళ్ళు కూడా అడక్కుండా నేల చూశావు. ఇంక నాకు ఒకళ్ళు వచ్చి చెప్పాలా?"

ఆమె మొహంలోకి చూసి అడిగాను.

"తెలిసి మరి పొయ్యిమీద ఎందుకు పెట్టావే?"

"ఆయన పంపించిన కూర కదా. అది ఉడుకుతున్నంతసేపూ ఆయన భోజనానికి వస్తాడనే కదా. నువ్వు చెప్పేసి ఉంటే నాకు ఆ అరగంట కూడా ఉండేది కాదు."

కుళాయి సరిగ్గా కట్టలేదు, బొట్లు పడుతున్నాయి. ఆమె లేచి కట్టి వచ్చి మళ్ళీ కూర్చుంది.

"చెప్పలేదని కాదు వదినా నా కోపం. మళ్ళీ రాలేదని. ఆ అరగంట ఏంటో ఈ ఊళ్ళో నాకు తెలుసు, నీకు తెలుసు. నువ్వూ రాకపోతే నేను ఎవరితో చెప్పుకోను? తొమ్మిదేళ్ళు ఎదురు చూశాను."

తొమ్మిదేళ్ళుగా ఆమె నన్ను క్షమించడం లేదనుకుంటున్నాను. ఆమె నాకోసం ఎదురు చూస్తోంది. నాలుగిళ్ళ అవతల. ఈ మాట అర్థమయ్యాక ఇంక ఆపుకోలేకపోయాను. ముసలిదాన్ని, చంటిపిల్లలా ఏడ్చాను. ఆమె నా భుజంమీద చెయ్యి వేసి, తనూ ఏడ్చింది. ఇద్దరం అలసిపోయేదాకా ఏడ్చాం.

"కాసిని మంచినీళ్ళు ఇవ్వవే" అన్నాను చివరికి.

లోపలికి వెళ్ళి తెచ్చింది. గ్లాసుతో కాదు, స్టీలుగిన్నెతో. అంచుమీద నా పేరు ఉంది, బి. చిన్నమ్మాయి అని. నేను ఆ రోజు వదిలేసి వచ్చిన గిన్నె. తోమి తోమి అక్షరాలు సగం అరిగిపోయాయి.

"తాగేసి గిన్నె ఇక్కడే పెట్టి వెళ్ళు" అంది సూర్యకళ. "నేను రోజూ బియ్యం కడుక్కునేది అందులోనే."

నీళ్ళు తాగాను. గిన్నె అక్కడే పెట్టాను.